కౌన్సెలర్ ఉద్యోగమా, ఇంకో రెండేళ్ల క్లినికల్ శిక్షణా: ఏది మేలు?

ఎమ్మెస్సీ సైకాలజీ పూర్తిచేసిన నెల్లూరు, ఒంగోలు పిల్లలకు ముఖ్యంగా కనపడే దారులు రెండు. వెంటనే కౌన్సెలర్‌గా చేరడం ఒకటి, భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) ఆమోదం ఉన్న సంస్థలో రెండేళ్లు క్లినికల్ సైకాలజీ శిక్షణకు వెళ్లడం రెండోది. ఎమ్మెస్‌డబ్ల్యూ వాళ్లదీ ఇదే చిక్కు, సైకియాట్రిక్ సోషల్ వర్క్ పేరుతో. జీతం లెక్కలు వేసేముందు సంతకం సంగతి చూసుకోవాలి.

కనిగిరి నుంచో ఉదయగిరి నుంచో ఒక తల్లి, ఎదుగుదల మందగించిన కొడుకును సదరం సర్టిఫికెట్ కోసం తీసుకొస్తుంది. బినే-కామత్, వైన్‌ల్యాండ్ లాంటి పరీక్షలతో ఆ పిల్లాడి స్థాయి కొలవాలి. వైకల్యం కనీసం 40 శాతం ఉంటేనే వికలాంగుల హక్కుల చట్టం ఇచ్చే ప్రత్యేక లబ్ధి. ఉత్త ఎమ్మెస్సీతో ఆ రిపోర్టు మీద క్లినికల్ సైకాలజిస్టుగా సంతకం పెట్టడానికి లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ పేరుకు ఆర్‌సీఐ ఆమోదించిన శిక్షణ ఉండాలంటుంది. రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీస్ పెడితే 1992 ఆర్‌సీఐ చట్టం కింద ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యే కదా అని నవ్వుకోవద్దు, జైలు మాట కూడా అదే వాక్యంలో ఉంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం బృందంలో క్లినికల్ సైకాలజిస్టు పోస్టుకూ ఈ చదువే కావాలి.

శిక్షణకు పీజీలో 55 శాతం మార్కులు అడుగుతారు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 50. ఇన్నాళ్లూ ఈ శిక్షణ నడిచింది ఎం.ఫిల్. పేరుతో, దానికి యూజీసీ పొడిగించిన గడువు 2025-26 వరకే. కాబట్టి ఇకమీదట కోర్సు పేరు చూసి మోసపోకుండా, ఆ కాలేజీ ఆ ఏడాదికి ఆర్‌సీఐ జాబితాలో ఉందో లేదో చూసుకున్నాకే ఫీజు కట్టాలి. సైకాలజీని దూరవిద్యలో కానిచ్చేద్దామంటే 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి యూజీసీ ఆ తలుపు మూసేసింది.

ఇక ఉద్యోగం. 2022 అక్టోబర్ 10న మొదలైన మానసిక ఆరోగ్య ఫోన్ సహాయ కేంద్రం టెలి మానస్ (14416), హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ చేసే ఐసీటీసీలు, డీఅడిక్షన్ కేంద్రాలు, కాలేజీ హాస్టళ్లు. ఇక్కడ అబ్బే విద్య పుస్తకంలో దొరకదు. మనవాళ్లు "డిప్రెషన్" అనరు. తల బరువంటారు, గుండె దడంటారు, గాలి సోకిందంటారు. ఏ.ఎస్.పేట దర్గాలో నిద్ర చేసి వచ్చిన కుటుంబాన్ని ఎగతాళి చేస్తే ఆ రోగి రెండోసారి రాడు.

చావు ఆలోచన గురించి సూటిగా అడగడం కూడా ఇక్కడే అలవాటవుతుంది. "చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలాగని అనుకున్నావు? ఆ మందు ఇంట్లో ఉందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. పొగాకు, వరి పండించే ఇళ్లలో పురుగుమందు డబ్బా చేతికందేలా ఉంటుంది. దాన్ని తాళం వేసి, తాళంచెవి ఇంకొకరి దగ్గర పెట్టమని ఇంటివాళ్లకు ఆ పూటే చెప్పాలి. పోలీసు కేసవుతుందని దాచేవాళ్లకు 2017 చట్టం 115వ సెక్షన్ వివరించాలి: అలాంటి ప్రయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు.

పైన చూసే అనుభవజ్ఞులు లేకపోతే ఈ ఉద్యోగం బెడిసికొడుతుంది. చెవిలో మాటలు వినపడుతున్న కుర్రాడి బాధను ఇంటి గొడవగా పొరబడి ఆరు వారాలు కౌన్సెలింగ్ చేస్తారు, జబ్బు ముదురుతుంది. లేని మాటలు వినపడటం, రోజుల తరబడి నిద్ర లేకున్నా హుషారు తగ్గకపోవడం, కాన్పయిన కొద్ది రోజుల్లో తల్లి తీరు మారిపోవడం: వీటిలో ఏది కనపడినా అదే రోజు సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలి.

అందుకే మా లెక్క ఇది. వారానికి గంటైనా కేసులు చర్చించే సీనియర్ ఉంటే ముందు ఏడాది ఉద్యోగం, తర్వాత శిక్షణ. అలాంటి మనిషి లేకపోతే నేరుగా శిక్షణకే.

రెండింట్లో ఏ దారైనా తొందరగా కుదురుకోవాలంటే పీజీ మొదటి ఏడాదిలోనే ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి వెళ్లడం మొదలుపెట్టాలి. చివర్లో వరసగా నెల రోజులు పెట్టే ఇంటర్న్‌షిప్ కన్నా వారానికి రెండు రోజుల చొప్పున ఏడాదంతా వెళ్లడం మేలు. దిగులు తగ్గించే మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. నెల రోజుల్లో ముగించేవాళ్లు రోగి తేరుకోవడం చూడకుండానే ఇంటికెళతారు. లాగ్‌బుక్‌లో పేరు బదులు కోడ్, వయసు, రోగి తన మాటల్లో చెప్పుకున్న బాధ, మీరు చేసింది రాసి, సూపర్‌వైజర్ సంతకం ఏ రోజుదారోజే తీసుకోండి. నెలాఖరున ఒక్కసారే పెట్టించిన నలభై సంతకాలకు ఇంటర్వ్యూలో విలువుండదు.