బరంపురంలో రెండు పేర్లు: దేశీబెహెరా వీధి, గిరి మార్కెట్

ఇప్పుడు ఒడిశాలో ఉన్న బరంపురం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుకే ఇక్కడి ఒడియా పేర్ల వెనక కూడా తెలుగువాళ్ల కథలు దొరుకుతాయి.

గిరి మార్కెట్ సంగతి తేలిక. వి.వి. గిరి 1894లో ఈ ఊళ్లోనే, తెలుగు కుటుంబంలో పుట్టారు. కార్మిక నాయకుడిగా ఎదిగి, 1969 నుంచి 1974 దాకా రాష్ట్రపతిగా ఉన్నారు. ఆయన గౌరవార్థం పెట్టిన పేరు. కూరలు కొనేటప్పుడు ఆయన ఎంతమందికి గుర్తొస్తారో మరి!

దేశీబెహెరా వీధి అలా కాదు. ఎవరో ఒక్కరి జ్ఞాపకంగా పెట్టింది కాదది, ఒక హోదా పేరు. తెలుగు నేల నుంచి వలస వచ్చి పట్టు నేసిన దేరా నేతగాళ్ల కులపెద్దను దేశీబెహెరా అంటారు. రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణీ యాత్రలో బుఢీ ఠాకురాణీ అమ్మవారు గుడి వదిలి పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు ఈ వీధిలోనే, తండ్రి స్థానం దేశీబెహెరాదే. యాత్ర అయ్యేదాకా అమ్మవారు ఇక్కడి తాత్కాలిక మందిరంలోనే ఉంటుంది. మగవాళ్లు, పిల్లలు రకరకాల వేషాలు కట్టి మొక్కులు తీర్చుకుంటారు. రాత్రిపూట అటువైపు ఆటో దొరకడం కష్టమే.

నన్నడిగితే రెండోదే గట్టి పేరు. మార్కెట్‌కి రేపు ఇంకో నాయకుడి పేరు పెట్టినా వ్యాపారం ఆగదు. దేశీబెహెరా వీధి పేరు మారిస్తే మాత్రం యాత్రకు ముందే పెద్ద గొడవవుతుంది.