ఆర్కెస్ట్రా కండక్టర్ కావాలంటే ఏది మేలు: పోటీల దారా, ఒపెరా హౌస్ దారా?

కాజీపేటలో నా దగ్గర పియానో నేర్చుకునే పిల్లాడొకడు ఈ ఏడు ఇంటర్ పూర్తి చేశాడు. మూడేళ్లుగా చర్చి కోయిర్‌కు కీబోర్డు వాయించేది వాడే. రైల్వేలో పనిచేసే వాళ్ల నాన్న మొన్న వచ్చి, "సార్, పోరడు ఆర్కెస్ట్రా కండక్టరే అయితనంటున్నడు. ఏ తొవ్వల పంపితె మంచిది?" అని అడిగారు. ఆ రోజు తొందరలో చెప్పిందాన్ని ఇక్కడ నిదానంగా రాస్తున్నాను.

కండక్టర్ అంటే ఆర్కెస్ట్రా, అంటే పెద్ద వాద్యబృందం, ముందు నిలబడి చేతి కదలికలతో అందరినీ ఒక్కటిగా నడిపేవాడు. అందరికీ తెలిసిన దారి యువ కండక్టర్ల పోటీలది. బొంబాయిలో 1936లో పుట్టిన జుబిన్ మెహతా పద్దెనిమిదేళ్లకు వియన్నా వెళ్లి హాన్స్ స్వరోవ్‌స్కీ దగ్గర నేర్చుకున్నారు. 1958లో లివర్‌పూల్ పోటీ గెలిచారు. 1962కల్లా లాస్ ఏంజెలెస్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా ఆయన చేతికొచ్చింది. జపాన్‌కు చెందిన సెయిజి ఒజావా 1959లో బెజాన్సాన్ పోటీ గెలిచారు, ఆ తర్వాత 1973 నుంచి 2002 దాకా బోస్టన్ సింఫనీని నడిపారు. గెలిచినవాణ్ని ఇంత తొందరగా పైకి తీసుకెళ్లే దారి ఇంకోటి లేదు.

కానీ మెహతా తండ్రి మెహ్లీ మెహతా 1935లోనే బాంబే సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టిన మనిషి. కొడుకు రిహార్సల్స్ వింటూ పెరిగాడు. వయొలిన్ వాడికి వయొలిన్ ఎట్లాగో కండక్టర్‌కు ఆర్కెస్ట్రా అట్లా. మన పిల్లాడు సాధన చేయడానికి అది ఎక్కడుంది? ముంబైలో 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఉంది. అయితే రైలెక్కి పోయి వినడం వేరు, వాళ్ల ముందు నిలబడి చెయ్యెత్తడం వేరు.

ఇక రెండో దారి. ఒపెరా హౌస్‌లో, అంటే మాటలు పాటలుగా సాగే నాటకాలు ఆడే థియేటర్‌లో, రెపెటిటర్ అని ఒక ఉద్యోగం ఉంటుంది. మొత్తం ఆర్కెస్ట్రా వాయించాల్సిందాన్ని పది వేళ్లలోకి కుదించి, పియానో మీద వాయిస్తూ గాయకులకు పాత్రలు నేర్పించే పని. కండక్టర్ ఆంటోనియో పపానో అక్కడినుంచే వచ్చారు. ఆయన సంగీత కాలేజీ డిగ్రీ చేయలేదు. చిన్నప్పుడు గాత్రం నేర్పే తండ్రి పాఠాలకు పియానో వాయించారు, తర్వాత న్యూయార్క్ సిటీ ఒపెరాలో రిహార్సల్ పియానిస్టుగా చేరారు. 2002 నుంచి 2024 దాకా లండన్ రాయల్ ఒపెరా ఆయనదే. ఇప్పుడు లండన్ సింఫనీకి చీఫ్ కండక్టర్.

ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు కథ చూసినవాళ్లకు ఈ పని విడమరచి చెప్పనక్కర్లేదు. కథకుడు చివరి మాటను సాగదీస్తాడు. డోలు కొట్టే అతని చూపు కథకుడి గొంతు మీదే ఉంటుంది, పుల్ల గాలిలో ఆగిపోతుంది. కథకుడు మాట వదిలాక గానీ దెబ్బ పడదు. ఒపెరాలో గాయని మాట్లాడినట్టు పాడే చోట్ల కండక్టర్ చేసేది ఇదే. ఆమె మాట పూర్తయిన క్షణాన కింద గోతిలాంటి చోట కూర్చున్న అరవై మంది వాద్యకారులు ఒక్కసారిగా అందుకోవాలి. ఇది గాయకుల పక్కన పియానో ముందు ఏళ్లు గడిపితే వస్తుంది.

పోయిన క్రిస్మస్‌కు మా కోయిర్‌లో ఒక అమ్మాయికి ఊపిరి చాలక పాట పరుగెత్తింది. వీడు తలెత్తి ఆమె ముఖం చూశాడు, తర్వాతి కార్డ్‌ను (కలిపి మోగించే స్వరాలను) ఆమె కోసం ముందే వాయించాడు. కూర్చున్నవాళ్లెవరికీ తేడా తెలియలేదు. ఆ రోజే నాకు వీడి దారి కనిపించింది.

ముందు ఆర్కెస్ట్రాలో వాద్యకారుడిగా చేరే దారీ ఉంది. పియానో ఒక్కటే వచ్చిన పద్దెనిమిదేళ్ల వాడికి అది ఆలస్యం.

ఒపెరా దారిలో కష్టం తక్కువేమీ కాదు. జర్మన్, ఇటాలియన్ రావాలి. చాలా ఏళ్లు పోస్టర్ మీద పేరుండదు. పేరుమోసిన కండక్టర్ కారయాన్ అంతటివాడు 1929లో జర్మనీలోని ఉల్మ్ అనే చిన్న ఊరి థియేటర్‌లో మొదలుపెట్టి అయిదేళ్లు అక్కడే ఉన్నాడు. అయినా నా మాట ఈ దారికే. పోటీలో ఓడితే చేతిలో ఏమీ మిగలదు. రెపెటిటర్‌కు కండక్టర్ పదవి రాకపోయినా రోజూ సంగీతంతోనే జీతం వస్తుంది.

వాళ్ల నాన్నతో ముందు జర్మన్ క్లాసులో చేర్చమన్నాను. నిన్న ఇటలీ స్వరకర్త వెర్డీ ఒపెరా ఒకదాని వోకల్ స్కోర్ (గాయకుల వరసల కింద ఆర్కెస్ట్రా భాగం పియానోకు కుదించి ఉండే పుస్తకం) మొదలుపెట్టాం. గాయని వరస నేను పాడుతున్నాను. రెండో పేజీలో చెప్పకుండా ఒకచోట ఊపిరికి ఆగాను. వాడి చేతులు కీస్ మీద ఆగాయి.