ర్యాబిట్ స్నెయిల్స్ ఆర్డర్ పెడుతున్నారా? "నిద్రపోతున్నాయి" అంటే నమ్మకండి

అక్వేరియం కోసం ర్యాబిట్ స్నెయిల్స్ అనే నీటి నత్తలు కొనాలనుకునేవాళ్లు ఇది చదివాకే డబ్బు కట్టండి. నేను ఒక ఆన్‌లైన్ సెల్లర్ దగ్గర అరడజను తెప్పించాను. "మా ట్యాంకుల్లోనే పుట్టి పెరిగినవి, ఏమీ కాదు" అన్నాడు. పార్సెల్ విప్పితే ఒక్క నత్త కూడా గుల్లలోంచి బయటికి రాలేదు. అడిగితే, "ప్రయాణం బడలిక, నిద్రపోతున్నాయి, వారం ఆగండి" అన్నాడు. నాలుగు చచ్చిపోయాయని తేలేసరికి రీఫండ్ గడువు దాటిపోయింది. ఆ తర్వాత మెసేజ్‌లకు జవాబే లేదు.

"నిద్రపోతున్నాయి" అన్న మాటలో సగం నిజం ఉంది కాబట్టే అందరూ నమ్మేస్తారు. చోటు మారితే ఈ నత్తలు కొన్ని రోజులు ముడుచుకునే ఉంటాయి. కానీ బతికున్నదేదో, చచ్చిందేదో మొదటి రోజే చాలావరకు తెలిసిపోతుంది. గుల్ల నోటి దగ్గర గోరులాంటి చిన్న మూత ఉంటుంది. మెల్లగా ముట్టుకుంటే బతికున్న నత్త ఆ మూతతో సహా ఇంకా లోపలికి ముడుచుకుంటుంది. చచ్చినదాంట్లో కదలిక ఉండదు, కండ వదులుగా బయటికి జారుతుంది, వాసన చూస్తే కడుపులో తిప్పేస్తుంది. అనుమానం ఉన్నవాటిని నేరుగా ట్యాంకులో వేయకండి, వేరే గిన్నెలో గోరువెచ్చని నీళ్లలో ఉంచండి. ఒక్కటి కుళ్లినా అమ్మోనియా పెరిగి చేపలు, రొయ్యలు కూడా పోతాయి. గుల్ల కొన అరిగి ఉంటే మాత్రం కంగారు పడకండి, పెద్ద నత్తల్లో అది మామూలే.

ఇక "ట్యాంకులో పుట్టినవి" అన్న మాట. టైలోమెలానియా అనే ఈ నత్తల సొంత చోటు ఇండోనేషియాలోని సులవేసి దీవి. పోసో, మటానో, టోవుటి లాంటి పాత సరస్సుల్లో ఉంటాయి, చాలా రకాలు ఒక్క సరస్సు దాటి ఇంకెక్కడా కనిపించవు. ఇవి కుప్పలుగా గుడ్లు పెట్టవు. తల్లి సాధారణంగా ఒక్కో పిల్లనే, తెల్లటి పొరలో చుట్టి కంటుంది. అలాంటప్పుడు ఒకే సైజు పెద్ద నత్తలు ఎప్పుడడిగినా డజన్ల కొద్దీ ఎలా వస్తాయి? సరస్సులో పట్టి తెచ్చినవేమోనని గట్టిగా అనుమానించాల్సిందే. సుమారు 590 మీటర్ల లోతున్న మటానోలో ఇప్పటికే బయటి నుంచి వచ్చిన ఫ్లవర్‌హార్న్ చేపలు పెరిగిపోయాయి, గట్టు పక్కనే నికెల్ గనులున్నాయి. అక్కడి ప్రాణిని పట్టి తెచ్చి పార్సెల్‌లో చంపేస్తున్నారంటే నాకు డబ్బు పోయినదానికన్నా ఎక్కువ బాధగా ఉంది.

డబ్బు కట్టేముందు మీకు పంపబోయే నత్తలు పాకుతూ, తింటూ ఉన్న వీడియో అడగండి. చచ్చి వస్తే ఏం చేస్తారో, ఎన్ని రోజుల్లోపు చెప్పాలో రాతపూర్వకంగా తీసుకోండి. వెచ్చని నీళ్లలో బతికేవి కాబట్టి చలికాలంలో హీట్ ప్యాక్ పెడతారో లేదో కనుక్కోండి. పార్సెల్ విప్పేటప్పుడు మధ్యలో ఆపకుండా వీడియో తీయండి, కదలనివాటి ఫొటోలు అదే రోజు సెల్లర్‌కు పంపండి. "వారం ఆగండి" అంటే, ఆ వారం అయ్యాక కూడా రీఫండ్ ఇస్తానని మెసేజ్‌లో రాయమనండి.