కొకేషి బొమ్మలు: మొదట కొనాల్సింది దెంతోనా, సోసాకునా?

కాళ్లూ చేతులూ లేకుండా గుండ్రటి తల, నిలువు మొండెం మాత్రమే ఉండే జపాన్ కర్రబొమ్మ కొకేషి. కొత్తగా సేకరించేవాళ్లకి మొదట తేలాల్సిన సంగతి: దెంతో, అంటే సంప్రదాయ కొకేషి కొనాలా? సోసాకు, అంటే కళాకారుడు సొంతంగా కల్పించింది కొనాలా?

దెంతో పుట్టిల్లు జపాన్ ఈశాన్యాన ఉన్న తొహోకు. 19వ శతాబ్దం తొలినాళ్లలో అక్కడి వేడినీటి ఊటల ఊళ్లలో, లేత్ మీద గిన్నెలూ పళ్లేలూ చేసే పనివాళ్లు స్నానాలకొచ్చేవాళ్లకి అమ్మడానికి వీటిని చేశారు. సోసాకు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెరిగింది. గున్మ ప్రాంతం దానికి పెద్ద కేంద్రం.

మొదటి బొమ్మగా దెంతోనే మేలు. దాన్ని చూసి ఏ ఊరిదో చెప్పొచ్చు. ఊళ్లని బట్టి మామూలుగా 11 శాఖలంటారు (10 అనీ 12 అనీ లెక్కపెట్టేవాళ్లూ ఉన్నారు). నడినెత్తిన నల్లటి వలయాలు, ఒంటి మీద లేత్ తిరుగుతుండగా దిద్దిన చారలు ఉంటే త్సుచియు. పెద్ద తల మీద ఎర్రటి గీతలు విచ్చుకున్నట్టుంటే తోగత్త. నంబు బొమ్మ తల వదులుగా ఊగుతుంది. కిజియామాలో తలా మొండెమూ ఒకే కర్ర, కాబట్టి మెడ తిరగదు.

మెడ తిప్పితే కీచుమనేది నరుకో. మొండెం లేత్ మీద తిరుగుతుండగానే తల అడుగు ముక్కని దాని రంధ్రంలోకి నొక్కి దించుతారు. కర్రకీ కర్రకీ రాపిడి, అదే ఆ శబ్దం. పచ్చికర్ర వాడితే తర్వాత ఎండి కుంచించుకుపోయి తల లొడలొడలాడుతుంది. అందుకే మిజుకి చెట్టు దుంగల బెరడు తీసి నెలల తరబడి ఆరబెడతారు. వదులైన మెడకి జిగురు పెట్టకండి. శబ్దమూ పోతుంది, విలువా పోతుంది.

దెంతోకి ఉన్న కష్టమల్లా రంగు. ఏటికొప్పాక బొమ్మల అలవాటుతో దీన్ని చూస్తే పొరపాటే. అక్కడ లేత్ రాపిడికి కరిగిన లక్క కర్రని పొరలా కప్పుతుంది. ఇక్కడ నీళ్లలో కలిపిన రంగుని కుంచెతో వేసి, పైన పల్చగా మైనం రుద్దుతారు. తడిగుడ్డ తగిలితే ఎరుపు పాకిపోతుంది. ఎండ పడితే ఊదారంగు ముందు వెలుస్తుంది. దుమ్ముకి పొడి మెత్తటి కుంచె చాలు.

సోసాకులో ఈ బెడద తక్కువ. చాలావాటికి వార్నిష్ పూత ఉంటుంది, జుట్టూ పువ్వులూ చెక్కినవో కాల్చి దిద్దినవో ఉంటాయి. వెలుతురు పడే గదిలో, పిల్లలు ముట్టుకునే చోట పెట్టాలంటే ఇదే సుఖం. పాతబడితే పూత పసుపెక్కుతుంది, అంతే. ఆకారాల్లో వైవిధ్యమూ దీనిదే. కానీ ఒక నమూనా నచ్చి కొన్నాక, దాని పక్కన ఏది చేర్చాలో చెప్పే శాఖ క్రమం ఇందులో లేదు. కళాకారుడి పేరే ఆధారం.

మూడోది, మెడలో స్ప్రింగు పెట్టి తల ఊపే పర్యాటక బొమ్మ. సరదాకి కొనుక్కోవచ్చు, సేకరణకి కాదు.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఎదుటి ఫొటో ఒక్కటే చూసి డబ్బు కట్టొద్దు. వెనకవైపూ అడుగూ కూడా అడగండి. వెనక ఎరుపు ముదురుగా ఉండి ముందు పాలిపోతే, ఏళ్లపాటు వెలుతురులో నిలబెట్టారన్నమాట. అడుగున సంతకం ఉండాలి, కొందరు తమ వయసు కూడా రాస్తారు. బాగా పాతవాటికి సంతకం లేకపోవడం మామూలే, దాన్ని బట్టి నకిలీ అనుకోనక్కర్లేదు. సన్నటి నిలువు పగులు వెనక ఉంటే పర్వాలేదు. ముఖం మీదుగా పోతే వదిలెయ్యండి.

కొలత సున్‌లలో చెబుతారు. ఒక సున్ సుమారు 3 సెంటీమీటర్లు. 8 సున్, అంటే 24 సెంటీమీటర్ల నరుకోతో మొదలుపెడితే ముఖం గీతలు స్పష్టంగా కనిపిస్తాయి, అలమారలోనూ ఇముడుతుంది. మన కోస్తా ఉక్కపోతలో మాత్రం ప్లాస్టిక్ సంచిలో బిగించి పెట్టొద్దు, బూజు పడుతుంది. పల్చటి కాగితంలో చుట్టి, గాలాడే అట్టపెట్టెలో ఉంచండి.