ఏమి తీసేసిందో దాచని ఆప్ట్: డెబియన్‌తో ఆరేళ్ల అనుభవం

విజయనగరంలో చిన్న డీటీపీ కేంద్రం నడుపుతూ, 2019లో బస్టర్ అనే వెర్షన్ విడుదలైన నాటి నుంచి డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వాడుతున్నాను. కేంద్రంలోని కంప్యూటరులో దాని నిలకడైన రూపం స్టేబుల్, ఇంటి కంప్యూటరులో తరచూ మారుతుండే రూపం సిడ్ ఉంటాయి. ప్యాకేజీలను, అంటే ప్రోగ్రాముల కట్టలను, ఎక్కించి తీసేసే ఆప్ట్ సంగతులు వాడేవారందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోకుండా, అది తన పనులను రాసి ఉంచుకునే హిస్టరీ లాగ్ అనే ఒక్క ఫైలు గురించే రాస్తున్నాను. ఆ ఫైలంటే నాకు చెప్పలేనంత ఇష్టం.

2024 మార్చిలో సిడ్‌లో పెద్ద మార్పు నడుస్తోంది. 32 బిట్ల కాలగణన 2038 జనవరి 19తో నిండిపోతుంది కనుక, సమయాన్ని 64 బిట్లలోకి మార్చే క్రమంలో ప్రోగ్రాములు పంచుకుని వాడే వందలాది లైబ్రరీల పేర్లకు చివర టీ64 చేర్చారు. మన 64 బిట్ల యంత్రాలలో లోపలి లెక్క ఏమీ మారకపోయినా పేర్లు మాత్రం మారాయి. కొత్త పేరుగల లైబ్రరీ పాతదాన్ని తప్పించి ఆ చోటికి వస్తుంది, కానీ దాని మీద ఆధారపడిన ప్యాకేజీలన్నీ ఒకే రోజున సిద్ధం కావు. సిద్ధం కానివాటిని తొలగిస్తానని ఆప్ట్ జాబితా చూపేది. ఆ జాబితాలో ఆఫీసు పనుల ప్రోగ్రామైన లిబ్రెఆఫీస్ కనబడిన ప్రతిసారీ వద్దని చెప్పి, మూడు వారాలు ఓపికగా ఆగాను.

మార్చి 29 రాత్రి, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ వార్త వచ్చింది. 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారని, అవి సిడ్‌లోకి కూడా చేరాయని చదివి కంగారుపడ్డాను. ఆ ఒక్క ప్యాకేజీని మాత్రమే తాజా పరచుకుంటే సరిపోయేది. నేను మాత్రం అన్ని ప్యాకేజీలనూ తాజా పరచే ఫుల్ అప్‌గ్రేడ్ ఆదేశానికి అన్నిటికీ సరేనని ముందే చెప్పే వై గుర్తును కూడా జతచేసి నడిపాను. ఎక్స్‌జెడ్ సరైంది గానీ, లిబ్రెఆఫీస్, పేజీలు కూర్చే స్క్రైబస్, నేను పేరైనా ఎరుగని మరెన్నో వెళ్లిపోయాయి. ఏప్రిల్ 9 ఉగాది కవి సమ్మేళనం ఆహ్వానపత్రం ఆ యంత్రంలోనే సగం పూర్తయి ఉంది.

హిస్టరీ లాగ్ తెరిచి చూస్తే, ఏ నిమిషాన మొదలైందో, నేను టైపు చేసిన ఆదేశం ఏమిటో, తీసేసిన ప్రతి ప్యాకేజీ పేరు, వెర్షన్‌తో సహా, వరుసగా రాసి ఉంది. ఆ వరుసను కాగితంపై అచ్చు తీసుకున్నాను. స్క్రైబస్ వెంటనే తిరిగి ఎక్కలేదు, దానికి కావలసిన లైబ్రరీలు అప్పటికింకా కుదురుకోలేదు. ఆహ్వానపత్రం ఫైలు మాత్రం చెక్కుచెదరలేదు కనుక కేంద్రంలోని స్టేబుల్ యంత్రానికి పట్టుకెళ్లి ఆహ్వానపత్రం పూర్తి చేసి ఇచ్చాను. తరువాతి వారాల్లో ఒక్కొక్క ప్యాకేజీ మళ్లీ దొరికినప్పుడల్లా ఎక్కించుకుంటూ, కాగితంపై కొట్టివేస్తూ వచ్చాను.

అడగకుండా ఆప్ట్ ఏదీ తీయదని నేను లోగడ తోటి డీటీపీ వారికి చెబుతుండేవాణ్ణి. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి: అడగవద్దని మనమే చెబితే అడగదు. లాగ్‌లో ఏది పోయిందో ఉంటుంది గానీ ఎందుకు పోయిందో ఉండదు. ఆ కారణం కోసం నేను, ప్యాకేజీలను నడిపే మరో సాధనమైన యాప్టిట్యూడ్‌లోని వై‌నాట్ ఆదేశాన్ని ఆశ్రయించాను. పైగా ఆ లాగ్ నెలనెలా కట్టకట్టబడి, మామూలు అమరికలో పన్నెండు నెలల తరువాత చెరిగిపోతుంది. అందుకే నేను దాని నకళ్లను వేరే డిస్కులో దాచుకుంటున్నాను.

2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ వెర్షన్ ట్రిక్సీలోని ఆప్ట్ 3.0 తొలగింపులను ఎర్ర రంగులో చూపుతోంది. నిద్రమత్తులో ఉన్న కంటికి అది చాలా మేలు. నాకు రెండు యంత్రాలు ఉన్నందున సిడ్‌ను వాడగలుగుతున్నాను. ఒక్క కంప్యూటరుతోనే అంగడి నడిపేవారికి స్టేబులే మంచిదని నా ఉద్దేశం; గడువు పనులు లేనివారి లెక్క వేరుగా ఉండవచ్చు. ఇంటి యంత్రంలో నేనిప్పుడు ముందుగా, నిజంగా ఏదీ మార్చకుండా జరగబోయేది మాత్రమే చూపే ఉత్తుత్తి నడక నడిపించి, తొలగింపుల వరుసను చదివాకే అసలు ఆదేశం ఇస్తున్నాను.