ఐఐటీ మద్రాస్ ఫిజిక్స్ క్లాసులు ఇంట్లో కూర్చుని ఫ్రీగా: నా రివ్యూ

తిరుపతిలో చదువుకి కొరత లేదు. ఎస్వీ యూనివర్సిటీ 1954 నుంచీ ఉంది, 2015లో ఐఐటీ, ఐసర్ రెండూ వచ్చాయి. కానీ బీకామ్ చదివి షాపులో లెక్కలు రాసుకునే నాలాంటివాడు నలభై దాటాక క్వాంటమ్ మెకానిక్స్ (ఎలక్ట్రాన్ల లాంటి చిన్న కణాల ఫిజిక్స్) నేర్చుకుంటానంటే ఎవరి దగ్గరికి పోవాలి? ఊళ్లో ఒక కోచింగ్ సెంటర్‌లో అడిగితే "ఏ ఎగ్జామ్‌కి సార్?" అన్నారు. ఏ ఎగ్జామ్‌కీ కాదు, తెలుసుకుందామని అంటే మాట అక్కడితో ఆగిపోయింది.

నాకు దారి చూపింది ఎన్‌పీటీఈఎల్. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఈ కోర్సుల వీడియోలు యూట్యూబ్‌లోనే ఉన్నాయి, పైసా కట్టక్కర్లేదు. నేను చూసినవి ఐఐటీ మద్రాస్‌లో ప్రొఫెసర్‌గా పనిచేసిన వి. బాలకృష్ణన్ గారి క్లాసికల్ ఫిజిక్స్, క్వాంటమ్ ఫిజిక్స్. పాతకాలం రికార్డింగ్‌లు, గ్రాఫిక్స్ ఉండవు, మ్యూజిక్ ఉండదు, ఆయన, బోర్డు, సుద్దముక్క, అంతే. అయినా రాత్రి షాపు మూసి వచ్చి, తిన్నాక పెట్టుకుంటే నిద్ర మాట గుర్తురాదు. ఈక్వేషన్ రాసి వదిలెయ్యరు, అది ఎందుకు అలా ఉండాలో, ఎక్కడ పనిచెయ్యదో కూడా చెబుతారు.

క్వాంటమ్ కోర్సు మొదటి క్లాసులోనే అనిశ్చితత్వ సూత్రం వస్తుంది: ఒక కణం స్థానం, ద్రవ్యవేగం (మొమెంటమ్) రెండూ ఒకేసారి కచ్చితంగా ఉండవు అని. మన ఫోన్లలో తిరిగే వీడియోల్లో దీని గురించి ఏం చెబుతారో మీరూ వినే ఉంటారు: మనిషి చూస్తే కణం మారిపోతుంది, కాబట్టి మనసే ప్రపంచాన్ని సృష్టిస్తోంది, ఇది మన అద్వైతమే అని. లెక్క చేసుకుంటూ పోతే మనసు అనేది ఎక్కడా కనిపించదు. స్థానానికి ఒక ఆపరేటర్ (మాట్రిక్సు లాంటి ఒక గణిత సాధనం), ద్రవ్యవేగానికి ఒకటి, వాటిని ముందూ వెనకా మార్చి గుణిస్తే ఒకే జవాబు రాదు, ఆ తేడా నుంచే ఈ సూత్రం పుడుతుంది. కొలిచేవాడి చేతకానితనం కాదు, కణం స్థితే అలాంటిది. క్వాంటమ్ మెకానిక్స్‌కి మూలమైన ఈక్వేషన్ ఇచ్చిన ష్రోడింగర్ ఉపనిషత్తులు ఇష్టంగా చదివిన మాట నిజమే, నాకూ వేదాంతం అంటే గౌరవమే, కానీ ఆయన ఈక్వేషన్‌ని ఎలక్ట్రాన్ కోసం రాశారు. "కొలవడం" అంటే అసలు ఏమిటన్న ప్రశ్న మాత్రం ఇంకా తెగలేదు, ఫిలాసఫీ నిజంగా మొదలయ్యేది అక్కడే. 1964లో జాన్ బెల్ అనే ఫిజిక్స్ శాస్త్రవేత్త ఆ వాదనలో కొంత భాగాన్ని ప్రయోగంతో తేల్చుకునేలా మార్చాడు, ఆ ప్రయోగాలు చేసినవాళ్లకి 2022లో నోబెల్ వచ్చింది. లెక్క వచ్చాక ఆ వాదన చదువుతుంటే ఉన్న సంతోషం వేరు.

ఇక కష్టం సంగతి. క్లాసులు ఇంగ్లీషులో ఉంటాయి, వేగంగా సాగుతాయి, కాలిక్యులస్, మాట్రిక్సులు తెలిసినవాళ్ల కోసం చెప్పినవి. ఇంటర్ మ్యాథ్స్ పుస్తకాలు మళ్లీ తెరవకుండా ఇవి మొదలుపెట్టకండి. ఎస్వీయూలో ఎమ్మెస్సీ చేస్తున్న మా అక్క కొడుకు "మామా, సినిమా చూసినట్టు చూస్తే రాదు, వీడియో ఆపి పెన్ను పట్టు" అని పోరుతుంటాడు. వాడు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఒక గంట క్లాసుకి మూడు నాలుగు రాత్రులు పడుతుంది, పట్టనివ్వండి.

క్లాసికల్ ముందు చూడడమే మేలు. తరంగాలు, ఫేజు (తరంగం తన ఊపులో ఏ దశలో ఉందో చెప్పేది) అర్థమయ్యాక మన పక్కనే గాదంకిలో ఉన్న, రేడియో తరంగాలతో పైగాలుల్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ నాకు కొత్తగా కనిపించింది. చిత్తూరు రోడ్డులో ఎన్నిసార్లు పోయుంటాం! పొలంలాంటి చోట నిలబెట్టిన 1024 యాంటెనాలు, 53 మెగాహెర్ట్జ్. అంటే తరంగదైర్ఘ్యం 5.66 మీటర్లు, అందులో సగం, సుమారు 2.8 మీటర్ల స్థాయిలో గాలిలో ఉండే సుడుల నుంచి ప్రతిధ్వని తిరిగొస్తుంది. యాంటెనాల మధ్య ఫేజు తేడా మారిస్తే చాలు, దేన్నీ కదపకుండానే కిరణం పక్కకు వాలుతుంది. ఈ లెక్క కాగితం మీద నా చేత్తో నేనే చేసుకున్నాను.

సర్టిఫికెట్ కావాలంటే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వెబ్‌సైట్ అయిన 'స్వయం' పోర్టల్‌లో అప్పుడు నడుస్తున్న కోర్సులో చేరాలి. అసైన్‌మెంట్లకి 25, సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షకి 75 మార్కులు, పరీక్ష ఫీజు కోర్సుకి 1000 రూపాయలు. పరీక్ష రాయకపోయినా అసైన్‌మెంట్లు మాత్రం వదలకండి. వారంవారం గడువు ఉంటే మనలాంటి ఉద్యోగాలవాళ్లకి చదువు ఆగిపోదు.