ఆఫ్రికా అడవిలో పగలు కాలినడక, రాత్రి గుడారం: క్రూగర్, లువాంగ్వా, మానా పూల్స్‌లలో ఏది మేలు?

ఆఫ్రికా యాత్ర అనగానే మనవాళ్లలో చాలామందికి పైకప్పు తెరిచిన జీపు, దాని ఎదుట గడ్డిలో పడుకున్న సింహం గుర్తుకొస్తాయి. అక్కడి జాతీయ ఉద్యానాల్లో చాలావాటిలో బండి దిగడానికి నిజంగానే అనుమతి ఉండదు. అయితే దక్షిణాఫ్రికాలోని క్రూగర్, జాంబియాలోని సౌత్ లువాంగ్వా, జింబాబ్వేలోని మానా పూల్స్ ఇందుకు పేరుపొందిన మినహాయింపులు. ఏనుగులు, సింహాలు తిరిగే నేల మీదే ఆ మూడు చోట్లా మనిషి కాలినడకన తిరగవచ్చు, రాత్రి అడవి చప్పుళ్ల మధ్య పడుకోవచ్చు. ఎండలో పది పన్నెండు కిలోమీటర్లు నడవగల ఓపిక ఉండి, ఇంత దూరం వెళ్లే అవకాశం జీవితంలో ఒకటి రెండుసార్లే వస్తుందనుకునే తెలుగువారు వీటిలో దేనిని ఎంచుకోవాలన్నదే ఇక్కడ చర్చిస్తున్న విషయం.

జంతువుల సంఖ్యను బట్టి వీటిని తూచడం వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే మూడింటిలోనూ వాటికి కొదవ లేదు. నా దృష్టిలో అసలు తేడా ఒక్క ప్రశ్నలో ఉంది: అడవిలో తర్వాతి అడుగు ఎటు వేయాలో ఎవరు నిర్ణయిస్తారు? క్రూగర్‌లో ఆ నిర్ణయం తుపాకులు పట్టిన ఇద్దరు గైడ్లది. లువాంగ్వాలో ముందు నడిచే సాయుధ స్కౌటు, అతని వెనుక నడిచే గైడు కలిసి నిర్ణయిస్తారు. మానా పూల్స్‌లో మాత్రం రుసుము కట్టి అనుమతి తీసుకున్నవారు ఎవరి తోడూ లేకుండా తామే నడవవచ్చు. ఖర్చు, భద్రత, మనం నేర్చుకోగలిగేది, చివరికి రాత్రి పట్టే నిద్ర కూడా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంటాయి.

ముందుగా క్రూగర్ సంగతి. దాదాపు 20,000 చదరపు కిలోమీటర్ల ఈ ఉద్యానం మన ఉమ్మడి అనంతపురం జిల్లా కంటే కాస్త పెద్దది. 1926లో జాతీయ ఉద్యానంగా ఏర్పడిన క్రూగర్‌లో 1978లో వోల్‌హ్యూటర్ ట్రెయిల్‌తో ఈ నడక యాత్రలు ఆరంభమయ్యాయి. తర్వాత నాపి, స్వేని, న్యాలాలాండ్ వంటివి వచ్చి చేరాయి. పద్ధతి అన్నిటికీ ఇంచుమించు ఒకటే: మూడు రాత్రులు, రెండు పూర్తి రోజుల నడక, ఎనిమిది మందికి మించని బృందం. అడవి లోపల ఒక చిన్న స్థావరం ఉంటుంది; రోజూ తెల్లవారకముందే లేచి అక్కడి నుంచి బయలుదేరి, ఎండ ముదిరే వేళకు తిరిగి వచ్చి, సాయంత్రం మళ్లీ కొద్దిసేపు నడుస్తారు. భోజనం వారే పెడతారు, వీపు మీద నీళ్ల సీసా, చిన్న సంచి తప్ప బరువేమీ ఉండదు. అయితే వీటిలో అన్నిచోట్లా గుడారాలే ఉంటాయనుకోకూడదు. వోల్‌హ్యూటర్‌లో పడుకునేది చెక్క గుడిసెల్లో.

గుడారమే కావాలనేవారి కోసం అదే ఉద్యానంలో బ్యాక్‌ప్యాక్ ట్రెయిళ్లు వేరుగా ఉన్నాయి: ఒలిఫాంట్స్ నది వెంబడి సాగేది ఒకటి, ఉత్తరాన ఎంఫోంగోలో, లోన్లీ బుల్ మరో రెండు. ఒలిఫాంట్స్ దారి సుమారు 42 కిలోమీటర్లు ఉంటుంది. గుడారం, పరుపు, పొయ్యి, నాలుగు రోజుల తిండి అన్నీ ఎవరివి వారే మోసుకోవాలి. ముందే సిద్ధం చేసిన విడిది ఎక్కడా ఉండదు. పొద్దు వాలే వేళకు గైడ్లు తగిన చోటు చూసి అక్కడే గుడారాలు వేయిస్తారు. మరుగుదొడ్డి అంటే ఒక పార, దానితో తవ్వుకున్న గొయ్యి. చెత్త ప్రతి ముక్కా తిరిగి మోసుకురావాలి. నదిలో నీళ్లు ముంచుకునేటప్పుడు మొసళ్ల భయం ఉంటుంది కనుక ఎక్కడ ముంచాలో కూడా గైడే చూపిస్తాడు. హిమాలయాల్లో బరువు మోసి ట్రెక్కింగు చేసినవారికి ఈ శ్రమ కొత్త కాదు. కొత్తదల్లా పొదల చాటున ఏముందో తెలియని నడకలో నాలుగు రోజులూ చెవులు రిక్కించి ఉండవలసి రావడం.

క్రూగర్‌కు నేను ఎక్కువ విలువ ఇవ్వడానికి కారణం అక్కడ దొరికే శిక్షణ. నడక మొదలయ్యే ముందే గైడ్లు నియమాలు చెబుతారు: ఒకరి వెనుక ఒకరు వరుసగా నడవాలి, మాట్లాడకూడదు, పిడికిలి ఎత్తితే ఉన్నచోటే ఆగాలి, ఏం జరిగినా చెప్పకుండా పరుగెత్తకూడదు. అడవిలో గాలి వాటం కనిపెట్టడానికి ట్రాకర్లు వాడే పద్ధతి ఒకటి చూడముచ్చటగా ఉంటుంది. చిన్న గుడ్డ సంచిలో మెత్తని బూడిద పోసి ఉంచుకుంటారు. మధ్యమధ్యలో దాన్ని ఒకసారి దులిపితే లేచిన పొగలాంటి ధూళి ఎటు కొట్టుకుపోతే గాలి అటు వీస్తున్నట్టు. ఖడ్గమృగానికి చూపు తక్కువ, వాసన పట్టే శక్తి ఎక్కువ. అందువల్ల గాలికి ఎదురుగా నడిస్తే చాలా దగ్గర వరకూ వెళ్లి, దానికి తెలియకుండానే తిరిగి రావచ్చు. గాలి మన వీపు మీద నుంచి వీస్తుంటే మాత్రం మనం చూడకముందే అది మనల్ని పసిగడుతుంది. ఆక్స్‌పెకర్ పిట్టలు పొదల్లోంచి కిచకిచమంటూ లేచాయంటే వాటి కింద గేదెలో ఖడ్గమృగమో ఉండే అవకాశం ఎక్కువ. ఇవన్నీ జీపులో కూర్చున్నవారికి అక్కరలేని విషయాలు, నడిచేవారికి ప్రాణావసరాలు.

సౌత్ లువాంగ్వా దారి వేరు. ఇది 9,050 చదరపు కిలోమీటర్ల నదీలోయ. వన్యప్రాణి అధికారిగా ఉన్న నార్మన్ కార్ 1950లో న్సెఫు అనే స్థానిక తెగనాయకుడిని ఒప్పించి ఇక్కడ సందర్శకుల విడిది పెట్టించి, దాని మీద వచ్చిన ఆదాయం గ్రామానికి అందేలా చేశారు. జంతువును చంపి సంపాదించడం కంటే చూపించి సంపాదించడం మేలన్న ఆలోచన ఆ రోజుల్లో ఎంత కొత్తదో ఊహించుకోవచ్చు. తుపాకీతో వేటాడేవాడి వెంట కాక, చూడాలన్న కోరికతో వచ్చినవాడి వెంట నడిచే సఫారీకి ఈ లోయే పుట్టిల్లుగా పేరు తెచ్చుకుంది.

ఇక్కడి నడక తీరు కూడా నిదానమైనది. ముందు తుపాకీ పట్టిన స్కౌటు, అతని వెనుక గైడు, ఆ తర్వాత అతిథులు, అందరికంటే చివర టీ సామాను మోసే మనిషి. ఏ చెట్టు నీడలోనో ఆగి టీ తాగుతూ, గైడు ఏనుగు పేడను కర్రతో విడదీసి చూపిస్తే, అందులో జీర్ణం కాని నార, గింజలు, వాటిలో మొలకెత్తబోయే చెట్టు కథ బయటపడతాయి. చిరుతలకు ఈ లోయ ప్రసిద్ధి. నదిలో నీటిగుర్రాలు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. తోర్నిక్రాఫ్ట్ జిరాఫీలు ప్రపంచంలో ఈ లోయలో తప్ప మరెక్కడా లేవు. ఖడ్గమృగాలను మాత్రం వేటగాళ్లు గత శతాబ్దంలోనే ఇక్కడ తుడిచిపెట్టేశారు. లోపలి విడుదుల్లో చాలావాటిని రెల్లు, గడ్డితో కట్టి, వానాకాలంలో నది పొంగుతుంది గనుక ఏటా విప్పేసి మళ్లీ కడతారు.

ఇంత అందమైన చోటికి కూడా నేను మొదటి స్థానం ఇవ్వడం లేదు. లోపలి విడుదుల ధరలు మన మధ్యతరగతికి చాలా బరువు. మూడింటిలో ఖరీదైన మార్గం ఇదే. సొంత గుడారం తెచ్చుకున్నవారు సాధారణంగా ఉద్యానం బయట, మ్ఫువే దగ్గర నది ఒడ్డున ఉన్న స్థలాల్లో దిగి, పగలు లోపలికి వెళ్లి రావాలి. అది చవకైనదే, రాత్రి నీటిగుర్రాలు గుడారాల మధ్యకు మేతకు వస్తాయి కూడా. అయినా అడవి నడుమ మజిలీలు మారుస్తూ సాగే యాత్ర అది కాదు. నడక దూరాలు కూడా చిన్నవే. ప్రకృతిని శ్రద్ధగా చూడాలనే అరవై ఏళ్ల దంపతులకు లువాంగ్వాను మించిన చోటు లేదు. ఒళ్లు అలిసేలా నడవాలనుకునే యువకులకు మాత్రం అక్కడ కొంత వెలితి మిగులుతుంది.

మానా పూల్స్ గురించి తెలిసిన దగ్గర నుంచి చాలామంది మనసు అక్కడే చిక్కుకుంటుంది, అందులో ఆశ్చర్యం లేదు. జాంబెజీ నది ఒడ్డున 2,196 చదరపు కిలోమీటర్ల ఈ ఉద్యానం 1984 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. న్యమేపి వంటి గుడారాల స్థలాలకు కంచె లేదు. నది ఒడ్డున పెద్ద పెద్ద ఫైదర్బియా చెట్లు గొడుగులు పట్టినట్టు ఉంటాయి. ఈ చెట్టు తీరే వింత: వానాకాలంలో ఆకు రాల్చి, మిగతా అడవి మోడువారిన ఎండాకాలంలో పచ్చగా ఉండి కాయలు రాలుస్తుంది. మేత కరువైన నెలల్లో ఏనుగులకు ఆ కాయలే ఆధారం. అందనంత ఎత్తున ఉన్న కొమ్మ కోసం కొన్ని మగ ఏనుగులు వెనుక కాళ్ల మీద నిటారుగా లేచి, ముందు కాళ్లు గాలిలో మడిచి, తొండం చాచి కొమ్మ విరవడం ఇక్కడ ప్రసిద్ధమైన దృశ్యం. చెట్ల కింద పొదలు తక్కువ కనుక చూపు చాలా దూరం ఆనుతుంది. గైడు లేకుండా నడవనివ్వడం సాధ్యమైనది కొంతవరకు ఈ నేల తీరు వల్లనే.

కానీ ఆ స్వేచ్ఛకు అర్హత కావాలి. గుంపు వీడి ఒంటరిగా తిరిగే ముసలి మగ గేదె పొదలో పడుకుని ఉంటే అనుభవం లేని కంటికి ఆనదు. నీటిగుర్రానికీ నీటికీ మధ్య నిలబడితే అది మన మీదుగానే నదిలోకి దూకుతుంది. చెవులు విప్పార్చి తల ఊపుతున్న ఏనుగు బెదిరిస్తోందా, నిజంగానే మీదికి రాబోతోందా అన్నది పుస్తకం చదివి తేల్చుకోగలిగింది కాదు. పుల్లని పండ్ల వాసనకు ఏనుగులు గుడారాలను, బండ్లను చీల్చిన సందర్భాలు ఉండబట్టే నారింజ జాతి పండ్లు అక్కడికి తీసుకురాకూడదన్న నియమం వచ్చింది. లోపల పెట్రోలు లేదు, దుకాణం లేదు, ఫోర్‌వీల్ డ్రైవ్ బండి లేకుండా చేరడం కష్టం. జింబాబ్వే ప్రొఫెషనల్ గైడు లైసెన్సు కోసం ఏళ్ల తరబడి శిష్యరికం చేసి కఠినమైన పరీక్షలు నెగ్గాలి. ఆ గైడ్లే జాగ్రత్తగా అడుగులు వేసే నేల మీద, నల్లమలలో సలేశ్వరం జాతరకు వేలమందితో కలిసి దిగి వచ్చిన అనుభవం తప్ప మరేమీ లేని మనం ఒంటరిగా నడవడం సాహసం కాదు, అవివేకం. లైసెన్సు ఉన్న గైడును కుదుర్చుకుని వెళితే మాత్రం మానా పూల్స్ ఈ మూడింటిలోకీ గొప్ప అనుభవమని నా నమ్మకం.

రాత్రుల విషయంలో మూడు చోట్లా పాటించవలసింది ఒకటే. జిప్పు పూర్తిగా మూసిన గుడారాన్ని జంతువులు సాధారణంగా ఒక గుండులాగానో పుట్టలాగానో చూసి పక్కనుంచి వెళ్లిపోతాయి. లోపల తిండి పెట్టుకున్నా, ఉక్క పోస్తోందని తలుపు తెరిచి పడుకున్నా ఆ రక్షణ పోయినట్టే. చీకట్లో బయటకు వెళ్లక తప్పకపోతే ముందు టార్చి వేసి చుట్టూ మెరిసే కళ్లున్నాయేమో చూడాలి.

వెళ్లడానికి జూన్ నుంచి అక్టోబరు దాకా ఉన్న ఎండు కాలం మంచిది. గడ్డి అణగి, నీళ్లు ఇంకి, జంతువులు నదుల దగ్గరకు చేరతాయి. అక్టోబరులో లువాంగ్వా, జాంబెజీ లోయల ఎండ రోహిణి కార్తె చూసినవారిని కూడా కుంగదీస్తుంది, కాబట్టి నడిచేవారు ఆగస్టు, సెప్టెంబరు నెలలు చూసుకోవడం నయం. క్రూగర్‌లో జూన్, జూలై రాత్రులకు మందపాటి స్వెటరు కావాలి. మూడూ మలేరియా ప్రాంతాలే, డాక్టరును అడిగి ముందే మాత్రలు మొదలుపెట్టాలి. త్సెత్సే ఈగల బెడద లువాంగ్వాలో, జాంబెజీ లోయలో ఉంది, క్రూగర్‌లో లేదు. ముదురు నీలం బట్టలకు అవి ఎగబడతాయి గనుక ఖాకీ, లేత గోధుమ రంగులే వేసుకోవాలి. శాకాహారులు క్రూగర్ స్థావరాలకు ముందే తెలియజేయాలి. బ్యాక్‌ప్యాక్ ట్రెయిలుకు అటుకులు, వేయించిన ఉప్మా రవ్వ తేలికగా ఉండి ఆకలి తీరుస్తాయి. పప్పులు, మసాలాలు మరిచిపోయినా కంగారు లేదు. 1860 తర్వాత ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగు, తమిళ కుటుంబాల సంతతి స్థిరపడిన డర్బన్‌లోనే కాక, జొహానెస్‌బర్గ్‌లోనూ అవి దొరుకుతాయి.

ఇక తీర్పు. మొదటిసారి వెళ్లేవారికి క్రూగర్ స్థావరపు ట్రెయిలే మేలు. మూడింటిలో అదే ఖర్చు తక్కువ, శిక్షణ ఎక్కువ, ఖడ్గమృగాన్ని కాలినడకన చూసే అవకాశం కూడా అక్కడే ఉంది. బరువు మోయగలవారు నేరుగా ఒలిఫాంట్స్ బ్యాక్‌ప్యాక్ ట్రెయిలుకే వెళ్లవచ్చు. ఈ స్థలాలు చాలా నెలల ముందే నిండిపోతాయి కనుక విమానం టికెట్ కంటే ముందు ట్రెయిలు బుక్ చేసుకోవాలి. రెండోసారి వెళ్లగలిగితే గైడుతో మానా పూల్స్. లువాంగ్వా డబ్బుకు వెనుకాడనివారికి, నిదానంగా చూడాలనుకునేవారికి.

పన్నెండేళ్లు నిండని పిల్లలతో వెళ్లేవారికి ఈ నడకలు తగవు, క్రూగర్ ట్రెయిళ్లలో అసలు అనుమతే లేదు. అటువంటి కుటుంబాలకు కెన్యాలో నైవాషా సరస్సు దగ్గరి హెల్స్ గేట్ జాతీయ ఉద్యానం సరిపోతుంది. అక్కడ జీబ్రాలు, జిరాఫీలు, గేదెల మధ్య నడవవచ్చు, సైకిలు తొక్కవచ్చు, గుడారం వేయవచ్చు. వాన పడే సూచన ఉన్న రోజున మాత్రం అక్కడి ఇరుకు లోయలోకి దిగకూడదు, వరద ఒక్కసారిగా వస్తుంది. కెన్యా నుంచి భారత్‌కు తిరిగి వచ్చేటప్పుడు ఎల్లో ఫీవర్ టీకా కార్డు చూపాలి. టీకా వేయించుకున్న పది రోజులకు గాని ఆ కార్డు చెల్లదు, కాబట్టి హైదరాబాద్‌వారు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఆ పని ప్రయాణానికి చాలా ముందే ముగించుకోవాలి.